సైకిల్ పుల్లకు దొరికిన చెరుకు చేన్లు

ఒక చేన్ల నాటబోయే చెరుకు విత్తనం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి మా ఆఫీసుకు ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులు ఆగలేక ఒక ఆడమనిషి రోగమున్న విత్తనాన్ని నాటుకున్నది. ఆమె పంట పోయింది. అప్పటికి నేను ఉద్యోగంల చేరి ఏడాది కూడా కాలేదు.

అరవైల నడుమ ముచ్చట ఇది. మాది నిజామాబాద్. అవ్వ ఇంట్ల బీడీలు చుట్టేది, బాపు గంజ్ మార్కెట్ల పసుపు సంచులు కుట్టేటోడు. మెట్రిక్ పాసైన ఆడపిల్ల మా గల్లీల నేనొక్కదాన్నే. బోధన్‌ల చెరుకు తెగుళ్లను చూసే చిన్న ఆఫీసుల క్లర్కు పని దొరికింది. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు ఇల్లు చేరేదాన్ని. ఆఫీసు అంటే ఒక పాత గోదాము. అండ్ల ఒక ఆఫీసరు సారు, ఉర్దూల చదువుకున్న ఒక పెద్ద క్లర్కు, నేను. మిగిలినోళ్లు ఊర్లెంబడి సైకిళ్ల మీద తిరిగే ఫీల్డుమన్లు.

ఫీల్డుమన్ ఒక చేనుకు పోతే ఒక కాగితం నింపుతడు. ఏ ఊరు, ఎవరి చేను, ఏ రకం చెరుకు, ఏ నెలల నాటిన్రు, కొత్తగ నాటిందా మొదలు కొట్టినంక మళ్ల మొలిచిందా, కాలువ నీళ్లా బావి నీళ్లా, విత్తనం ఎవరి చేను నుంచి తెచ్చిన్రు, తెగులు ఏమన్న కనిపించిందా. అడుగున రెండు మూడు గీతల జాగ ఉంటది, అండ్ల తనకు తోచింది రాస్తడు. ఆ కాగితాలు మా దగ్గరికి వస్తే, వచ్చిన వరుసలోనే గుడ్డ మూటల కట్టి బీరువాల పెట్టేటోళ్లం. నేను పోయేసరికి రెండు వేలకు పైన కాగితాలున్నయి.

మాఘమాసంల ఒకరోజు ఆమె వచ్చింది. యాభై ఏండ్లుంటయేమో. కందకుర్తికి ఇవతల ఒక ఊరు. రెండెకరాల చేను ఆమే చేసుకునేది. గడప దగ్గర చెప్పులు విడిచి, నా బల్ల ముందట నిలబడి నిదానంగ అడిగింది.

"ఫలానా ఊర్ల ఒక పటేలు చేన్లకెల్లి విత్తనం కొంటున్న బిడ్డా. ఆ చెరుకుకు రోగం ఉన్నదా లేదా మీ దగ్గర రాసి ఉంటదట గద. జర సూసి చెప్పు."

ఆఫీసరు సారు గుంటూరు దిక్కు మనిషి. ఆయన లోపలి నుంచి విని బయటికి వచ్చిండు. ఎర్రకుళ్లు తెగులు సంగతి ఆమెకు చెప్పిండు. అది విత్తనపు చెరుకులో దాగి వస్తదట. నాటినంక కొన్ని నెలల దాకా చేను పచ్చగనే కనిపిస్తదట.

"ఆ పటేలు గారి చేను చూడటానికి బాగానే ఉండొచ్చమ్మా," అన్నడు. "ఆయనకు విత్తనం ఎక్కడి నుంచి వచ్చిందో, ఆ ఇచ్చిన చేను ఎట్లా ఉందో చూడాలి. చూసి చెబుతాం."

ఆమె మూడు రోజులు బస్సెక్కి వచ్చింది. మూడు రోజులూ నేను "ఇంక చూస్తున్నం పెద్దమ్మా" అన్న. కోసిన చెరుకు ఎండిపోతదని నాలుగో రోజు రాలేదు. పెద్ద క్లర్కు, నేను మూటలు విప్పుతనే ఉన్నం. పటేలు కాగితం అయిదో రోజు దొరికింది. అండ్ల విత్తనం ఇచ్చిన చేను పేరుంది. ఆ చేను కాగితం ఎనిమిదో రోజు దొరికింది. దాని అడుగున ఫీల్డుమన్ పెన్సిల్‌తో రాసిండు, రెండు గంటల్ల ఎర్రకుళ్లు అని. మా దగ్గర చెరుకు పొదను గంట అనే అంటరు.

ఫీల్డుమన్ సైకిల్ మీద ఉరికిండు. అప్పటికే ఆమె నాటేసింది.

శ్రావణంల ఆ చేనుకు నేను కూడా పోయిన. ఆఫీసుల ఎవరూ పొమ్మనలేదు, నాకే పోవాలనిపించింది. ఆకులు పై నుంచి పసుపెక్కి వాలిపోయినయి. ఫీల్డుమన్ ఒక గడను నిలువున చీల్చిండు. లోపల ఎర్రగ, నడుమ నడుమ తెల్లటి అడ్డపట్టీలు. పులిసిన కల్లు వాసన వచ్చింది. ఆమె ఆ గడను చేతిలకు తీసుకొని చూసి, కింద పెట్టింది. నన్ను తిడుతదనుకున్న. తిట్టలేదు.

"ఎనిమిది రోజులు ఏం సూసిన్రు బిడ్డా?" అని అడిగింది.

అది దెప్పిపొడుపు కాదు. నిజంగనే తెలుసుకుందామని అడిగింది. ఆ ఎనిమిది రోజులూ నేను ఊరికె కూర్చోలేదు, వేళ్లు నొప్పులు పుట్టేదాకా కాగితాలు తిప్పిన. అయినా ఏం చూసిన్నో చెప్పలేకపోయిన.

తెల్లారి ఆఫీసుకు పోయి పెద్ద క్లర్కును అడిగిన. "సార్, ఒక కాగితం వెతుకుతుంటే మనకు యాడ టైం పోతున్నది?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "కాగితాలు ఎక్కువున్నయి బిడ్డా. గంతే."

నాకు అంతే అనిపించలేదు. బాపు దగ్గర ఒక పాత చేతి గడియారం ఉండేది, అది పెట్టుకొని పోయిన. ఏదో ఒక చేను పేరు అనుకొని, అది దొరికేదాకా ఏ పనికి ఎన్ని నిమిషాలు పోతున్నయో ఒక కాగితం మీద రాసుకున్న. బీరువా నుంచి మూట దించడం, ముడి విప్పడం, కాగితాలు తిప్పడం, రాత అర్థం కాకపోతే ఆగడం, మళ్ల కట్టడం, మళ్ల ఎక్కించడం. నాలుగు రోజులు ఇట్ల చేసిన. తేలింది చూసి నాకే ఆశ్చర్యమైంది. చదవడానికి పోయే టైం చాన తక్కువ. అసలు మనకు పని లేని మూటలను దించి, విప్పి, కట్టి, ఎక్కించడానికే పొద్దంతా పోతున్నది. మేము జవాబును వెతుకుతలేము. జవాబు లేని మూటలను ఒక్కొక్కటిగ లేదు లేదు అనుకుంట పోతున్నం.

ఆ లెక్క పెద్ద క్లర్కుకు చూపించిన. ఆయన రెండుసార్లు చదివిండు. "పదేండ్ల నుంచి గిదే పని చేస్తున్న. గడియారం పెట్టి ఎన్నడు సూడలే," అన్నడు. ఆ రోజు నుంచి ఆయన నాతోని కలిసిండు.

మొదలు చేసింది తేలికైన పని. తారీఖు వరుస తీసేసి ఊరి వరుసల మూటలు కట్టినం. ఇద్దరికీ నెల పట్టింది. అది అయినంక ఊరు, రైతు పేరు తెలిస్తే పావు గంటల కాగితం చేతిల పడ్డది. మాకు చాన సంబురమైంది. వారం తిరగకుండనే ఆఫీసరు సారు వేరే సంగతి అడిగిండు.

"ఈ ఒక్క చేను విత్తనం ఎవరెవరికి వెళ్లిందో చెప్పగలరా?"

ఊరి వరుస దానికి ఏం పనికిరాలేదు. ఒక చేను విత్తనం పది ఊర్లకు పోయి ఉంటది. మళ్ల అన్ని మూటలూ విప్పాల్సిందే.

అందుకని నోటుబుక్కులు పెట్టినం. విత్తనం ఇచ్చిన చేను పేరుతోని ఒకటి, కొత్తగ నాటిందా మళ్ల మొలిచిందా అన్నదానితోని ఒకటి, తెగులుతోని ఒకటి, నీళ్లతోని ఒకటి. అడిగినప్పుడు బుక్కు తెరిస్తే జవాబు దొరుకుతున్నది. కాని కొత్త కాగితం వచ్చిన ప్రతిసారి దాన్ని నాలుగు బుక్కులల్ల ఎక్కించాలె. కార్తీకంల ఒక్క రోజే నలభై కాగితాలు వచ్చినయి. నేను రాయలేక వాటిని ఒక మూలకు పెట్టిన. బుక్కులు వెనుకబడ్డయి. ఫీల్డుమన్ ఒకతను వచ్చి, పోయిన వారం తను తెచ్చిన కాగితం బుక్కుల ఎందుకు లేదని అడిగిండు.

"తొందరగ చెప్పే బుక్కు తప్పు చెప్తే ఏం లాభం అక్కా?" అన్నడు.

అతను నాకంటే పెద్దోడు, అయినా అక్కా అనేటోడు. అతను అన్నది నిజం. వెతకడంల మిగిలిన టైం రాయడంల పోతున్నదని అప్పుడు అర్థమైంది. అంతకన్న చిక్కు ఇంకొకటి ఉన్నది. సారు రెండు మూడు సంగతులు కలిపి అడిగేటోడు. కాలువ నీళ్లు పారే చేను, మొదలు కొట్టినంక మళ్ల మొలిచిన చెరుకు, ఎర్రకుళ్లు వచ్చింది, ఈ మూడూ ఉన్నయి ఎన్ని అని. మూడు బుక్కులు పక్కపక్కన పెట్టుకొని, ఒక పేరు మూడింటిల ఉన్నదా అని వేలు పెట్టి చూస్తుంటే కళ్లు తిరిగేటివి.

ఆఫీసుల చిన్న చిన్న చీటీలన్నీ ఒక వంకర తీగకు గుచ్చి గోడకు వేలాడేసేటోళ్లం. ఒకరోజు ఏదో చీటీ కోసం తీగను గోడ మీదికెల్లి తీసిన. మూడు చీటీలు జారి కింద పడ్డయి. ఏరుకొని చూస్తే ఆ మూడింటి చిల్లులు అంచు దాకా చినిగి ఉన్నయి. మిగిలినవి తీగకే వేలాడుతున్నయి. చినిగినవే పడ్డయి, చినగనివి పడలేదు. ఎంత మామూలు సంగతి. నేను మాత్రం వాటిని మళ్ల తీగకు గుచ్చి, లేపి, మళ్ల రాలుతయా అని చూసిన.

"ఏమైంది బిడ్డా?" అన్నడు పెద్ద క్లర్కు.

"సార్, మనం కావాలని చింపితే?"

ఆయనకు అర్థం కాలేదు. నాకు కూడా పూర్తిగ కాలేదు. ఇంటికి పోయి పాత నోటుబుక్కుల అట్టలు కత్తిరించి పది ముక్కలు చేసిన. ఒక్కో ముక్క ఒక్కో చేను అనుకున్న. పై అంచు పొడుగున వరుసగ చిల్లులు పెట్టిన. మొదటి చిల్లు కాలువ నీళ్లు, రెండోది మళ్ల మొలిచిన చెరుకు, మూడోది ఎర్రకుళ్లు. చేనుకు ఆ గుణం ఉంటే ఆ చిల్లును అంచు దాకా కత్తెరతోని తెరిచిన. లేకుంటే చిల్లును అట్లనే ఉంచిన. ముక్కలన్నీ కలిపి నిలబెట్టి ఒక చిల్లులకెల్లి పుల్ల దూర్చి పైకి లేపితే, తెరిచినవి రాలాలె, మిగిలినవి వేలాడాలె.

పుల్ల మూడో ముక్క దగ్గరనే తట్టుకొని ఆగింది. చిల్లులు ఒకదానికొకటి సూటిగ లేవు.

అవ్వ బీడీలు చుట్టుకుంటనే ఇదంతా చూస్తున్నది. ఆకును కొలతకు కత్తిరించడానికి ఆమె దగ్గర ఒక రేకు ముక్క ఉండేది. దాన్ని ఆకు మీద పెట్టి చుట్టూ కత్తెర తిప్పితే అన్ని ఆకులూ ఒక్క తీరుగ వస్తయి.

"కండ్లతోని కొలుస్తవేంది?" అన్నది. "రేకు పెట్టి కొట్టు."

గల్లీ చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలుకు చిల్లులు కొట్టే పనిముట్టు ఉండేది. అవ్వ ఒక పాత డబ్బా రేకును అట్ట కొలతకు కత్తిరించి ఇచ్చింది. ఆయన దానికి చిల్లులు కొట్టిచ్చిండు. ఆ రేకును పైన పెట్టి అట్టలకు చిల్లులు కొడితే పుల్ల నూనె రాసినట్టు పోయింది. లేపితే నాలుగు ముక్కలు రాలినయి. కాలువ నీళ్ల చేన్లు నాలుగే. ఆ నాలుగింటిని మళ్ల కలిపి మూడో చిల్లుల పుల్ల పెట్టి లేపితే ఒక్కటి రాలింది. అవ్వ బీడీలు పక్కకు పెట్టి, ఇంకొకసారి లేపుమన్నది. మళ్ల రాలింది. బాపును కూడా పిలిచి చూపించింది.

పుల్ల సంగతి ఫీల్డుమన్ తేల్చిండు. బాపు సంచులు కుట్టే దబ్బనం పొట్టిగ ఉన్నది, తీగ వంగిపోతున్నది. అతను తన సైకిల్ చక్రం విరిగినప్పుడు తీసి పెట్టుకున్న పుల్ల ఒకటి తెచ్చి ఇచ్చిండు. గట్టిగ, సన్నగ, సూటిగ ఉంటది. ఒక్కసారి వంద అట్టలకు పైన పట్టింది.

ఆఫీసరు సారు చూసి, ఆ రోజే మందం అట్టలు తెప్పించిండు. వాటిని నింపడానికి కూర్చుంటే ఇంకొక వింత బయటపడ్డది. మొదలు కొట్టినంక మళ్ల మొలిచిన చెరుకును సారు కార్శి అంటడు. మహారాష్ట్ర దిక్కు ఊర్లు తిరిగే ఫీల్డుమన్ ఖోడ్వా అని రాసిండు. మిగిలినోళ్లు రెండో పంట అన్నరు. ఒకే సంగతి మూడు పేర్లతోని ఉన్నది. నేను ఇన్ని రోజులూ ఒక్క పేరే వెతికి, మిగిలిన రెండింటిని వదిలేసిన. నోటుబుక్కు ఇచ్చిన జవాబులల్ల ఎన్ని తప్పులున్నయో. మూడింటికీ ఒకటే చిల్లు పెట్టినం.

విత్తనం ఇచ్చిన చేన్లు ఎన్నో ఉంటయి, అన్నింటికీ చిల్లులు పెట్టలేము. అందుకని ఫీల్డుమన్లు తిరిగే దిక్కులు పన్నెండు ఉంటే పన్నెండు చిల్లులు పెట్టినం. ఫలానా దిక్కు విత్తనం అని లేపితే నూరో నూటయాభయో రాలుతయి. వాటిని కళ్లతోని చదువుకుంటం. కొత్త కాగితం వస్తే నాలుగు బుక్కులల్ల రాసే పని లేదు. ఒక్క అట్ట, నాలుగైదు కత్తెర గాట్లు. ఫీల్డుమన్ టీ తాగేలోపల అయిపోయేది.

ఏ చిల్లుతోని మొదలుపెట్టాలె అన్నది అనుభవం మీద తెలిసింది. మొదట్ల నేను కాలువ నీళ్లతోని మొదలుపెట్టేదాన్ని. రెండు వేలల్ల వెయ్యికి పైన రాలేటివి. వాటిని ఏరి, సరిచేసి, మళ్ల పుల్ల దూర్చాలె. ఒకరోజు పొరపాటున ఎర్రకుళ్లు చిల్లుతోని మొదలుపెట్టిన. అరవై కూడా రాలలేదు. ఇంక మిగిలిన రెండు చిల్లులు చూడటం చిటికెల పని. జవాబు అదే, పని సగం కన్న తక్కువ. పెద్ద క్లర్కు ఆ రోజంతా రకరకాల చిల్లులతోని మొదలుపెట్టి, గడియారం చూసుకుంట కూర్చున్నడు.

మళ్ల మాఘమాసం వచ్చింది. కందకుర్తి దిక్కు పెద్దమ్మ కూడా వచ్చింది. ఈసారి గడపల్నే నిలబడ్డది.

"ఇంకో చేనుకెల్లి విత్తనం తీసుకుందామనుకుంటున్న. అడిగిపోదామని వచ్చిన. ఎనిమిది రోజులైతే మాత్రం వద్దు."

"కూసో పెద్దమ్మా," అన్న. టీ తెప్పించిన. ఆమె చెప్పిన చేను కాగితం ఊరి మూటల దొరికింది. దానికి విత్తనం వచ్చిన దిక్కు చూసి, ముందు ఎర్రకుళ్లు చిల్లుల పుల్ల పెట్టి లేపిన. తర్వాత ఆ దిక్కు చిల్లు. ఏడెనిమిది రాలినయి. చదివితే, అండ్ల మూడు ఆమె చెప్పిన చేను విత్తనం తెచ్చుకున్న చోటికెల్లే తెచ్చుకున్నవి.

"తీసుకోకు పెద్దమ్మా. దాని ఎనక రోగముంది."

ఆమె కప్పు కింద పెట్టి నన్ను చూసింది. "నిరుడు ఎనిమిది రోజులు సూసినవ్. గిప్పుడు టీ సల్లారకముందే చెప్తున్నవ్. నిజంగ సూసినవా?"

ఆమె అనుమానం నాకు తప్పనిపించలేదు. బల్ల దగ్గరికి రమ్మని అట్టలు ఆమె చేతికే ఇచ్చిన. పుల్ల ఆమెనే దూర్చి, ఆమెనే లేపింది. రాలిన అట్టలను ఒక్కొక్కటి తీసి, ఇది ఏ ఊరు, ఇది ఏ చేను అని అడిగింది. ఆమెకు చదువు రాదు. కాని ఆ చేన్లు చాన తెలుసు. అడుక్కుంట అడుక్కుంట ఒకదగ్గర ఆగింది.

"ఇవన్ని కాలువ చివరి చేన్లు. వానలల్ల నీళ్లు నిలుస్తయి. నీళ్లు నిలిచే చేన్లకే గీ రోగం ఎక్కువ వస్తదా?"

నేను పెద్ద క్లర్కు దిక్కు చూసిన. ఆయన నా దిక్కు చూసిండు. నీళ్లు నిలవడానికి మేము చిల్లు పెట్టలేదు. ఆ సంగతి ఉంటే గింటే కాగితం అడుగున ఫీల్డుమన్ తోచినట్టు రాసిన గీతలల్లనే ఉండాలె. పుల్ల దానికి పనిచేయదు. మళ్ల అన్ని కాగితాలూ చదవాల్సిందే.

"ఇప్పుడు చెప్పలేను పెద్దమ్మా. దీనికి నిజంగనే దినాలు పడ్తయి," అన్న.

"పట్టనీ," అన్నది. "గిది నాకు తొందర లేదు. తెలుసుకోని చెప్పు."

ఆమె వర్ని దిక్కు ఒక చేను చెప్పి, దాన్ని కూడా చూపించుకొని, ఏం లేదంటే ఆ విత్తనం తీసుకుపోయింది.

మేము రెండు వేల కాగితాలు మొదటి నుంచి చదివినం. నీళ్లు నిలిచినయి, ఊట, బురద, మోకాళ్ల దాకా నీళ్లు అని ఒక్కొక్కరు ఒక్కో తీరుగ రాసిన్రు. ఇరవై రోజులు పట్టింది. కాని ఈసారి ప్రతి కాగితం చదివినప్పుడే దాని అట్టకు ఒక కొత్త గాటు పెట్టినం. ఇంకెవరన్న అడిగితే మళ్ల చదవాల్సిన పని లేకుండ. అంతా అయినంక ముగ్గురం బల్ల చుట్టూ నిలబడ్డం. సారే పుల్ల పట్టుకున్నడు. ఎర్రకుళ్లు అట్టలు తీసి, వాటిల నీళ్లు నిలిచే చిల్లుల పుల్ల దూర్చి లేపిండు. ఒక్కటొక్కటిగ కాదు, దడదడ రాలినయి. పుల్లకు ఏడే మిగిలినయి.

సారు సంతోషపడ్డడు. పెద్దాఫీసుకు ఉత్తరం రాసిండు. నీళ్లు నిలిచే చేన్ల విత్తనం ఇయ్యద్దని, బోదెలు తీసి నీళ్లు పోయేటట్టు చేయాలని ఊర్లల్ల చెప్పించిండు. పెద్దమ్మ చేను ఆ ఏడు మంచిగ వచ్చింది. ఫ్యాక్టరీకి పోయే బండిని మా ఆఫీసు ముందట ఆపి, నాలుగు గడలు దించి పోయింది.

పెద్ద క్లర్కు మాత్రం పుల్లకు మిగిలిన ఆ ఏడు అట్టలను విడిగ దారంతోని కట్టి తన డ్రాయర్‌ల పెట్టుకున్నడు. అవి బావి నీళ్ల చేన్లు. నీళ్లు నిలవయి. విత్తనం మంచి చేన్లకెల్లే వచ్చింది. అయినా రోగమొచ్చింది. తీరిక దొరికినప్పుడల్ల వాటిని బల్ల మీద పరిచి, వీటికి కలిసిన సంగతి ఏముందో అని చూసేటోడు. ఒకసారి రకం అనుకున్నడు, కాదు. ఒకసారి నాటిన నెల అనుకున్నడు, అదీ కాదు. చెరుకు కోసిన కత్తి ఒక చేను నుంచి ఇంకో చేనుకు పోయిందేమో అని నేనన్న. కత్తి సంగతి మా కాగితంల ఎవరూ రాయలేదు. ఫీల్డుమన్‌ను పంపి అడిగిస్తే, కోసినోళ్లు ఎవరో రైతులకే యాదికి లేదు.

డెబ్బైలు మొదలైనంక నన్ను నిజామాబాద్ బదిలీ చేసిన్రు. పెద్ద క్లర్కు అంతకు ముందే రిటైరై ఊరికి పోయిండు. పోయేరోజు ఆ ఏడు అట్టలు నా చేతిల పెట్టి, "తెలిస్తే నాకు ఉత్తరం రాయి," అన్నడు. నేను వాటిని చానసార్లు చూసిన. రాయడానికి ఏం దొరకలేదు.